మొదటి ముడి కూలి

కంపెనీవాళ్ళు అసలు కట్టారు గానీ ఖర్చులు ఎగ్గొట్టారు. ఎగ్గొట్టిన మొత్తం రెండు వందల పద్నాలుగు రూపాయల ముప్ఫై ఏడు నయాపైసలు. రెండు వేల పైచిలుకు అసలు ఇచ్చినవాళ్ళు ఈ కాస్త దగ్గర ఎందుకు చెయ్యి బిగించారంటే, దానికో ఆలోచన ఉంది. బండి తోలుకు బతికే ఆడమనిషి, అసలు చేతికి అందింది కదా, ఇంక కోర్టు ఖర్చుల కోసం మళ్ళీ గురజాల వెళ్ళి ఆ మెట్లెక్కుతుందా, ఎక్కదు, అనుకున్నారు. చదువుకున్నవాళ్ళు, కోట్లు తొడుక్కున్నవాళ్ళు. వాళ్ళ ఆలోచనకి వంక పెట్టడానికి మనమెవరం? కాకపోతే వాళ్ళకి మస్తానమ్మ సంగతి తెలియదు.

మస్తానమ్మది మాచర్ల పక్కన చిన్న పాలెం. మొగుడు నాగులు పోతూ పోతూ ఒక బండీ, రెండు ఎద్దులూ మిగిల్చి పోయాడు. పదిహేను రోజులు ఏడ్చింది. పదహారో రోజున బండి కట్టింది. ఆడది బండి తోలడమేమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. ఏడాది తిరిగేసరికి ఆ నవ్వినవాళ్ళే తమ బండ్లు ఆమె బండి వెనక కట్టారు. కిరాయి బేరం ఆమె ఆడినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ ఆడలేరు మరి. అలా పద్నాలుగు బండ్లకి ఆమె పెద్ద అయింది.

ఆ రోజుల్లో సాగరు డ్యాము పని ముమ్మరంగా ఉండేది. కుడి కాలవకి రాయి కావాలి. ఆ రాయి ఇస్తామని కాంట్రాక్టు తీసుకుని, మద్రాసు వైపు నుంచి ఒక కంపెనీ మాచర్లలో దిగింది. దాని పేరులో ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువ, పలకడం కష్టం, అందుకని ఊళ్ళో అందరూ కంపెనీ అనేవాళ్ళు. క్వారీ నుంచి కంపెనీ దొడ్డికి రాయి తోలే పని మస్తానమ్మ జట్టుకి వచ్చింది. పద్నాలుగు బండ్లూ ఒక్కసారి కదిలి ఒక్కసారి దింపితే అది ఒక తడవ. తడవకి ఇంత అని మాట.

మస్తానమ్మకి అక్షరం ముక్క రాదు. వాళ్ళ నాన్నకీ రాదు, ఆయనా రాతిబండే తోలాడు. ఆ బండ్లవాళ్ళ లెక్కంతా తాడు మీద ఉంటుంది. పని మొదలైన రోజున ఒక కొత్త తాడు పేనుకుంటారు, తడవ దిగగానే బెత్తెడు ఎడంగా ఒక ముడి వేస్తారు. ముడి వేసేటప్పుడు జట్టులో ఇద్దరైనా చూస్తూ ఉండాలి. వేసిన ముడి డబ్బు ముట్టేదాకా విప్పకూడదు. అబద్ధపు ముడి వేసినవాడి బండి వెనక ఇంకే బండీ నడవదు, అంతే శిక్ష.

ఈ తాడు మీద మొట్టమొదటి ముడి మాత్రం రాతిది కాదు. కంపెనీ ఆఫీసు తెరిచిన రోజున మాచర్ల స్టేషన్లో ఒక పెద్ద ఇనప్పెట్టె రైలు దిగింది. నాలుగు బారువుల బరువు, దగ్గర దగ్గర ఒక టన్ను, కూలీలు దాన్ని చూసి చల్లగా జారుకున్నారు. అప్పుడు మస్తానమ్మ తన బండి తెచ్చి, క్వారీవాళ్ళని పిలిచి, ఆ పెట్టెని ఆఫీసులో నిలబెట్టింది. పది రూపాయలిస్తానన్నాడు మేనేజరు. ఇదిగో అదిగో అన్నాడు. ఆమె తాడు కొసన జోడు ముడి వేసుకుంది.

తర్వాత అరవై తడవలు రాయి తోలారు. మేతకి మాత్రం అప్పుడప్పుడూ పదీ పరకా విదిలించాడు మేనేజరు. మిగతాది డిపార్టుమెంటు బిల్లు పాసైతే ఇస్తామన్నాడు. బిల్లు పాసయ్యాక, మీరు తోలింది అన్ని తడవలు లేవు, చీటీలేవీ అన్నాడు. చీటీలు ఇవ్వాల్సింది తనే. అవి ఏనాడూ ఇవ్వలేదు.

జట్టువాళ్ళు మస్తానమ్మ ముఖం చూశారు. ఆమె మాట మీద వచ్చినవాళ్ళు వాళ్ళు. "డబ్బు నేను తెస్తా. మీరు పైసా పెట్టబాకండి," అంది.

గురజాలలో ప్రభాకరరావు అనే ప్లీడరు ఉండేవాడు. మిషన్ బడిలో చదువుకుని పైకొచ్చినవాడు, మాట మెత్తన, పట్టు గట్టి. ఆయన తాడంతా చూసి, కథంతా విని ఇలా చెప్పాడు.

"మనిషి బాకీ ఎగ్గొడితే ఒక తీరు మస్తానమ్మా, కంపెనీ ఎగ్గొడితే ఇంకో తీరు. ఇప్పుడు కొత్త కంపెనీ చట్టం వచ్చింది. కట్టమని రిజిస్టరు నోటీసిచ్చి మూడు వారాలు చూస్తాం. కట్టకపోతే, ఈ కంపెనీ బాకీలు తీర్చలేకుండా ఉంది, మూసెయ్యండని పైకోర్టులో అడగొచ్చు. ఆ మాట పొక్కిందంటే వాళ్ళకింక ఒక్క కాంట్రాక్టు రాదు."

"అయితే ఇయ్యండి ప్లీడరుగారూ. ఎంతవుద్దో చెప్పండి," అంది మస్తానమ్మ.

నోటీసు వెళ్ళింది. డబ్బు కట్టడానికి బదులు కంపెనీ గురజాల మునసబు కోర్టులో దావా వేసింది. బాకీయే లేదు, ఈ నోటీసు చెల్లదు, దాన్ని రద్దు చెయ్యాలి అని. మేము దివాలా తీసేవాళ్ళం కామని చూపించుకోవడానికి దావా చివర తమ ఆస్తుల జాబితా కూడా రాశారు. లారీలు రెండు, రాయి పగలగొట్టే ఇంజను ఒకటి, బల్లలు, కుర్చీలు, పెద్ద ఇనప్పెట్టె ఒకటి. కింద మేనేజరే సంతకం పెట్టాడు. ఈ జాబితా కాస్త గుర్తుంచుకోండి, మనకి పని పడుతుంది.

దావా ఏడెనిమిది నెలలు నడిచింది. వాయిదాకి ఒకసారి బస్సు ఖర్చు, సాక్షుల బత్తా, నకళ్ళకి డబ్బు, ప్లీడరు ఫీజు. మస్తానమ్మ దగ్గర అమ్మడానికి ఇంట్లో ఏమీ లేదు, కొట్టంలో ఉంది. దాపటెద్దు చుక్కన్న. నుదుటి మీద తెల్లచుక్కతో పుట్టిన దూడని ఆమే పెంచింది. కాడికి ఎడం పక్క వాడు ఉంటేనే కుడి పక్క రామన్న అడుగేసేవాడు. పశువుల బేరగాడు అబ్దుల్ రహీమ్ దగ్గరికి తోలుకెళ్ళి రెండు వందలకి ఇచ్చేసింది. ఇస్తూ ఒక్క మాట అడిగింది.

"శివరాత్రి దాకా అమ్మబాక భాయ్. ఈ లోపల నీ డబ్బు నీకు తెచ్చిస్తా."

రహీమ్ గడ్డం నిమురుకున్నాడు. "శివరాత్రికి కోటప్పకొండ సంతకి తోలతా చెల్లెమ్మా. అయిదు రోజులు ముందుగా ఇక్కణ్ణించి కదులుతా. అప్పటి దాకా ఉంచుతా. ఆ తర్వాత నన్ను అనబాక," అన్నాడు.

కోర్టులో కంపెనీ ప్లీడరు ఆ తాడుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, ఇదేనా వీరి ఖాతా పుస్తకం అని నవ్వాడు. మునసబు నవ్వలేదు. కోర్టు గుమాస్తా చేత ముడులు లెక్కపెట్టించాడు. అరవై ఒకటి. డిపార్టుమెంటు నుంచి రాతి కొలతల పుస్తకం తెప్పించాడు. అందులో సరిగ్గా అరవై తడవల రాయి ఉంది. మరి ఆ పై ముడి ఏమిటని అడిగాడు. ఇంకెవరైనా అయితే అదీ రాయేనని సర్దేసేవాళ్ళు. మస్తానమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అది ఇనప్పెట్టె తోలిన కూలి, పది రూపాయలు, ఇంతవరకూ ఇవ్వలేదని. నోటీసులో ఆ మాట లేదు, పది ఇస్తానన్నప్పుడు విన్న సాక్షి లేడు, అందుకని ఆ ముడి చెల్లదన్నాడు మునసబు. అరవై ముడులూ చెల్లాయి. దావా ఖర్చులతో సహా కొట్టేశాడు. అంటే అనవసరంగా కోర్టుకి ఈడ్చినందుకు మస్తానమ్మకి అయిన ఖర్చంతా కంపెనీయే ఇచ్చుకోవాలి.

పాలెం అంతా సంబరపడింది. మస్తానమ్మా సంబరపడింది, కానీ చెల్లని ముడి గురించి ఒకటి రెండు సార్లు తాడు తీసి చూసుకుంది. నిజం చెప్పినందుకు పోయిన పది రూపాయలు కదా, ఆ మంట వేరు.

కంపెనీ వారం తిరక్కుండా అసలు కట్టేసింది. మూడు వారాల భయం అలాంటిది. మస్తానమ్మ ఆ డబ్బు పద్నాలుగు బండ్లకీ పంచింది. తన వాటా దుకాణం బాకీకీ, ఎద్దులకి పెట్టే చెక్కకీ, చిట్టుకీ సరిపోయింది. జట్టులో పెద్దవాడు ఏసయ్య, క్వారీలో తల నెరిసినవాడు, తలా పదిహేను వేసుకుని చుక్కన్నని విడిపిద్దామన్నాడు.

"మీరెందుకియ్యాలన్నా? కోర్టుకి లాగింది మీరా?" అంది మస్తానమ్మ. "లాగినోళ్ళే ఇయ్యాల. మునసబుగారు రాసిచ్చాడు గదా. మీ పదిహేనులతో నా ఎద్దు ఇంటికొస్తే, కంపెనీవాళ్ళు మన డబ్బుతో దావా నడిపినట్టు."

మర్నాడే కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. మేనేజరు కుర్చీలోంచి లేవలేదు. "అసలు ఇచ్చాం కదమ్మా. ఇంకా ఈ ఖర్చులూ గిర్చులూ అంటే మా వల్ల కాదు. కావాలంటే కోర్టుకే వెళ్ళు," అన్నాడు. ఆయన ఆ మాట చాలా మర్యాదగా అన్నాడు, టీ తాగుతూ అన్నాడు. మస్తానమ్మ కోర్టుకే వెళ్ళింది.

ప్రభాకరరావు దరఖాస్తు వేసి, కంపెనీ సామాను జప్తు చెయ్యమని వారంటు పుట్టించాడు. పుట్టించి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"అమీనాగారు వచ్చి జప్తు రాస్తారు. కానీ సామాను మోసుకెళ్ళే ఏర్పాటు మనమే చూసుకోవాలి మస్తానమ్మా. బండ్లూ మనుషులూ మనవే, ఖర్చూ మనదే. అందుకే చాలామంది డిక్రీ పెట్టెలో దాచుకుని ఊరుకుంటారు."

"ప్లీడరుగారూ, మేం ఏం పని చేస్తామో మర్చిపోయినట్టున్నారు," అంది మస్తానమ్మ. ప్రభాకరరావు కళ్ళజోడు తీసి, ఆ కోర్టు వరండాలో అందరూ తిరిగి చూసేటట్టు నవ్వాడు.

వారంటు తారీకు పడేసరికి శివరాత్రి ఆరు రోజుల్లోకి వచ్చింది. మర్నాడు పొద్దున్నే రహీమ్ మంద కదులుతుంది. మస్తానమ్మకి ఉన్నది ఆ ఒక్క రోజే.

కోర్టు అమీనా మల్లేశ్వరరావు పది గంటల బస్సు దిగాడు. సన్నటి మనిషి, చంకలో గొడుగు. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఆయన ఎక్కువసార్లు రాసింది ఒకటే ముక్క, జప్తుకి సామాను దొరకలేదు అని. పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళితే సామానంతా ఎప్పుడూ బావమరుదులదే అవుతుంది. ఇవాళా అదే రాయాలి కాబోలు అన్న ముఖంతో కంపెనీ గేటు తోశాడు. వెనక మస్తానమ్మ, భుజాన ఆ ముడుల తాడు.

మేనేజరు వారంటు చదివి నవ్వాడు. "లారీలు నా బావమరిదివి అమీనాగారూ. ఇంజను అద్దెది. బల్లలూ కుర్చీలూ ఇంటివాళ్ళవి. కంపెనీది అంటూ ఇక్కడ ఏముంది?"

అమీనా అలవాటుగా కలం తీశాడు. అప్పుడు మస్తానమ్మ కొంగు ముడి విప్పి ప్లీడరు ఇచ్చిన దావా నకలు అందించింది. మల్లేశ్వరరావు దాన్ని చివరి దాకా చదివాడు. చదువుతున్న కొద్దీ ఆయన వెన్ను నిటారైంది.

"ఏందండీ ఇది? లారీలు రెండు, ఇంజను, బల్లలు, కుర్చీలు, ఇనప్పెట్టె, ఇయ్యన్నీ మా కంపెనీ ఆస్తులు అని మీరే కోర్టుకి రాసిచ్చారు గదా. కింద ఈ సంతకం మీది కాదా? అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? ఏదో ఒకటి చెప్పండి, అదే రాస్తా."

మేనేజరు ముఖం కాస్త మాడింది. అయినా ఆయన తెలివైనవాడు, తెలివైనవాళ్ళు అంత తొందరగా ఓడరు.

"సరే, కంపెనీవే. లారీలు డ్యాము దగ్గరున్నాయి, వచ్చేసరికి రెండు రోజులు. ఇంజను భూమిలో బిగించి ఉంది. ఈ బల్లలన్నీ అమ్మితే యాభై రావు. మిగిలింది అదిగో, ఆ ఇనప్పెట్టె. తాళంచెవి మద్రాసులో ఉంది. నాలుగు బారువులు," అంటూ కుర్చీలో వెనక్కి వాలాడు. "జప్తు చేసుకోండి. మోసుకుపోండి."

ఏ పల్లెటూరివాళ్ళతోనైనా ఆ మాట అని ఉంటే చెల్లిపోయేది. ఆ పెట్టె అక్కడికి ఎలా వచ్చిందో ఆయన మర్చిపోయాడు. తెచ్చినవాళ్ళకి డబ్బు ఇచ్చి ఉంటే గుర్తుండేదేమో.

మస్తానమ్మ గేటు దాకా వెళ్ళి చెయ్యి ఊపింది. బజారు మలుపులో ఆగి ఉన్న బండ్లు కదిలాయి. ఒకటి, రెండు, అయిదు, పది. పద్నాలుగు బండ్లూ కంపెనీ దొడ్డి నిండా నిలిచాయి. ముందుది మస్తానమ్మది, ఎడం పక్క ఎవరిదో అరువు ఎద్దు, దాని పక్కన రామన్న ఇష్టం లేని ముఖంతో అడ్డదిడ్డంగా లాగుతూ. బండ్ల వెనక ఏసయ్యా, క్వారీవాళ్ళూ, భుజాల మీద పలుగులు, చేతుల్లో గుండ్రటి దొర్లుడు కర్రలు. ఎదురుగా టీ హోటల్లో కూర్చున్నవాళ్ళందరూ గ్లాసులతో సహా లేచి వచ్చారు.

ఏసయ్య ఆఫీసులోకి వచ్చి ఇనప్పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఏసన్నా, నాలుగు బారువులేనంటావా?" అడిగింది మస్తానమ్మ.

"మనం దింపిందే గదమ్మా. అప్పటికన్నా ఏమన్నా బరువెక్కిందంటే అది మన కూలే," అన్నాడు ఏసయ్య. గుమ్మం దగ్గర నవ్వులు లేచాయి.

తర్వాత జరిగింది చూసినవాళ్ళు పదేళ్ళు చెప్పుకున్నారు. నలుగురు పలుగులు దూర్చి పెట్టెని మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టారు, కింద గోనెలు పరిచి, ఒక్క చప్పుడు లేకుండా. కింద దొర్లుడు కర్రలు పెట్టారు. వెనక కర్ర బయటికి రాగానే దాన్ని ముందుకి అందించడం, మళ్ళీ తొయ్యడం. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు, రోజూ చేసే పని. నాలుగు బారువుల పెట్టె గుమ్మం దాటి తనంతట తానే నడిచి వస్తున్నట్టు వచ్చింది. బయట మస్తానమ్మ ఎద్దుల్ని విప్పి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, బండి తోక నేలకి ఆనించి, ముక్కు ఆకాశానికి ఎత్తింది. పలకల మీదుగా పెట్టెని పైకి లాగారు. అది ఇరుసు దాటగానే బండి ముక్కు దానంతటదే హుందాగా కిందికి దిగింది. పావుగంట పట్టిందో లేదో.

మేనేజరు అప్పటికి టీ గ్లాసు కింద పెట్టేశాడు. "పోలీసులకి ఫోన్ చేస్తాను," అన్నాడు.

"చెయ్యండి," అన్నాడు మల్లేశ్వరరావు. "జప్తుకి ఎవరన్నా అడ్డమొస్తే పోలీసుల్ని పిలవాల్సింది నేనే. ఆ ఫోన్ ఖర్చు నాకు తప్పుద్ది." ఆ మనిషి గొంతు ఎప్పుడు అంత గట్టిపడిందో ఆయనకే తెలియదు. వరండాలో స్టూలు వేసుకుని, ఇనప్పెట్టె ఒకటి, తాళం వేసి ఉన్నది, అని పెద్ద అక్షరాలతో రాయసాగాడు.

ఏసయ్య పెట్టెకి మోకులు బిగించాడు. మస్తానమ్మ ఎద్దుల్ని కట్టి, బండెక్కి, పగ్గాలు అందుకుంది. అప్పుడు మేనేజరు మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మర్నాడు పదింటికి కాలవ ఆఫీసులో కొత్త టెండరు ఉంది. ఆ టెండరు కాగితాలూ, డిపాజిట్టు రసీదులూ అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. పెట్టె గురజాల కోర్టుకి చేరిందంటే కంపెనీ ఇంటికి చేరినట్టే.

"ఆగండి, ఆగండి. డబ్బు కట్టేస్తాను."

"తాళంచెవి మద్రాసులో ఉందన్నారు గదా అయ్యా," అంది మస్తానమ్మ బండి మీద నుంచే.

మద్రాసులో ఉన్న తాళంచెవి మేనేజరుగారి ప్యాంటు జేబులోంచి వచ్చింది. టీ హోటలు జనం ఒక్కసారి ఈల వేశారు. పెట్టె వెల్లకిలా పడుకుని ఉంది కాబట్టి తలుపు ఆకాశం వైపు ఉంది. ఆయన చక్రం మీద కాలు పెట్టి, ఏసయ్య చెయ్యి పట్టుకుని, మాచర్ల బజారు జనం అందరి ముందూ బండెక్కాడు. తలుపెత్తి, నూతిలో చేద వెతికేవాడిలా తల లోపల పెట్టి, డబ్బు సంచీ తీశాడు. పెట్టెలో కాగితాలన్నీ ఒక మూలకి జారి పోగుపడి ఉన్నాయి.

"దావా ఖర్చులు రెండు వందల పద్నాలుగు రూపాయల ముప్ఫై ఏడు. ఈ జప్తు దరఖాస్తు ఖర్చు పద్దెనిమిదిన్నర," అని అమీనా చదివాడు. తర్వాత కాస్త దగ్గి, "నా చేతికిస్తే కోర్టులో జమ కట్టాలి. ఈమె చేతికి వచ్చేసరికి నెల పడుద్ది. ఈమెకే ఇచ్చి రసీదు తీసుకోండి. ముట్టినట్టు నేను రాసుకుంటా," అన్నాడు. మస్తానమ్మ ఆయన వైపు చూసింది. ఆయన గొడుగు సర్దుకుంటూ ఎటో చూశాడు.

నోట్లూ చిల్లరా ఆమె ఒళ్ళో పడ్డాయి. ఏసయ్య ఒకసారి, అమీనా ఒకసారి లెక్కపెట్టారు. ఆమె వేలిముద్ర వేసింది. ముప్ఫై ఏడు నయాపైసల దగ్గర చిల్లర లేదంటూ మేనేజరు నసిగితే, టీ హోటలాయన పరిగెత్తుకెళ్ళి గల్లాపెట్టెలోంచి చిల్లర తెచ్చాడు.

"సరే, అయింది కదా. పెట్టె లోపల పెట్టించండి," అన్నాడు మేనేజరు ముఖం తుడుచుకుంటూ.

మల్లేశ్వరరావు వారంటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తీసుకురమ్మనే ఇందులో ఉందండీ. లోపల పెట్టమని లేదు."

మేనేజరు బండ్లవాళ్ళ వంక చూశాడు. ఒక్కడూ కదల్లేదు. ఏసయ్య పలుగు మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

"పెడతాం అయ్యా. పెట్టకేం," అంది మస్తానమ్మ. "కూలి ఇరవై రూపాయలు."

"దింపడానికి ఇరవయ్యా?"

"దింపుడికి పదే." భుజాన ఉన్న తాడు తీసి, కొసన ఉన్న జోడు ముడి ఆయన ముందు పట్టుకుంది. "ఇంకో పది దీనికి. ఇదే పెట్టె, ఇదే బండి. స్టేషను నించి తోలా. మీరు ఇస్తామని ఇయ్యలా."

"అది కోర్టే కొట్టేసింది కదా," అన్నాడు మేనేజరు.

"కోర్టు కొట్టేసింది. నేను కొట్టెయ్యలా."

మేనేజరు ఆ ముడిని చూశాడు, పెట్టెని చూశాడు, గేటు దగ్గర జనాన్ని చూశాడు. రెండు పదిరూపాయల నోట్లు తీసి ఇచ్చాడు. ఒకటి మస్తానమ్మ ఏసయ్య చేతిలో పెట్టింది, క్వారీవాళ్ళకి. రెండోది కొంగున కట్టుకుంది. అరవై ముడుల డబ్బు ఎప్పుడో ముట్టినా, మొదటిది తీరందే మిగతావి విప్పనని ఆగిన మనిషి, ఇప్పుడు ఈ జోడు ముడిని పళ్ళతో పట్టి విప్పింది. రెండేళ్ళ ముడి, బిగుసుకుపోయి ఉంది, అయినా వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతమంది ముందు అవి తుడుచుకోవడానికి కూడా ఆమె సిగ్గుపడలేదు. అరవై ముడులకి మునసబు తీర్పు ఉంది, ఈ ఒక్కదానికి ఇన్నాళ్ళూ ఆమె మాట తప్ప ఇంకేమీ లేదు మరి.

పెట్టె తిరిగి దాని చోట నిలబడింది. పద్నాలుగు బండ్లూ బజారు మధ్యగా పాలెం దారి పట్టాయి. దారిలోనే రహీమ్ కొట్టం.

రహీమ్ ప్రయాణానికి సిద్ధం చేస్తున్నాడు. సంతలో బేరం బాగా రావాలని చుక్కన్న కొమ్ములకి ఎర్రరంగు కూడా వేశాడు. వరసగా ఆగిన బండ్లని చూసి బయటికొచ్చాడు. మస్తానమ్మ రెండు వందలు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ తర్వాత కొంగు విప్పి పది రూపాయల నోటు కూడా తీసి వాటి మీద పెట్టింది.

"ఇదేంది చెల్లెమ్మా?"

"ఇన్నాళ్ళూ మేపావు గదా భాయ్. మేత ఖర్చు."

"నేను అడిగానా?"

"నువ్వు అడగలా. ఖర్చు అయిందా లేదా? అయిన ఖర్చు ఇయ్యాల్సిందే. ఇయ్యాల పొద్దుటి నించీ ఊరందరికీ అదే చెప్తన్నా, నేనే ఎగ్గొడితే ఎట్టా?"

రహీమ్ ఆమె వంకా, ఆమె వెనక నవ్వుతున్న జట్టు వంకా చూసి, ఆ నోటు కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు. "ఆ రంగు ఖర్చు మాత్రం నాది," అన్నాడు.

రహీమ్ కట్టిన తలుగుతాడు అతనికే వదిలేసి, మస్తానమ్మ తన భుజాన ఉన్న తాడు తీసి చుక్కన్న మెడకి వేసింది. కోర్టు గుమాస్తా నంబరు రాసి కట్టిన చీటీ ఇంకా దాని కొసన వేలాడుతూనే ఉంది. జట్టువాళ్ళు అరువు ఎద్దుని విప్పేసరికి, చుక్కన్న ఆమె మోచెయ్యి నాకి, ఎవరూ తోలకుండానే నడిచి వచ్చి కాడి కింద ఎడం పక్కన నిలబడ్డాడు. రామన్న మెడ చాచి వాడి ఎర్రకొమ్ము ఒకసారి వాసన చూసి, తన పక్కకి సర్దుకున్నాడు. కాడి సమంగా కుదిరింది.

మస్తానమ్మ బండెక్కి కూర్చుని, వెనక ఉన్న పదమూడు బండ్ల వైపు తిరిగి చూసి, "ఇంక పదండి," అంది.